ఇంకా తెలీదండీ

పోయిన నెల వంటింట్లో గాజు సీసా పగిలి అరచెయ్యి తెగింది. శంషాబాద్ దవాఖానలో కుట్లు వేసిన కుర్ర డాక్టరు కట్టు కడుతూ, "ఇవి విప్పించుకోనీకి మళ్ల వచ్చే పన్లేదు టీచరమ్మా, దారం లోపల్నే కరిగిపోతది" అన్నాడు.

"దేంతోని చేస్తరు బాబూ ఈ దారం?"

అతనికి ఆ ప్రశ్న వింతగా తోచింది. అయినా ఓపిగ్గా ఒక పాలిమర్ పేరు చెప్పాడు. ఆ పేరు నాకు తొంభైల నుంచీ తెలుసు. అప్పట్లో చుట్టాల పేర్ల కంటే దాన్నే ఎక్కువసార్లు వింటుండేదాన్ని. అతను చెప్పగానే స్పిరిట్ వాసన, దాని అడుగున ఎంత కడిగినా పోని కోళ్లషెడ్డు వాసన ముక్కుకు తగిలాయి. ఇప్పుడు ఇది మామూలు దవాఖానల్లోకి కూడా వచ్చేసిందని ఒక మనిషికి చెప్పాలనిపించింది. చెప్పడానికి ఆమె లేదు. పోయిన ఏడాది పోయింది. ఆ సంగతి కూడా నాకు ఎన్నో నెలల తర్వాత ఆమె తమ్ముడు చెబితే తెలిసింది.

చనిపోయినవాళ్లు ఎక్కడో ఉండి మన మాట వింటారని నేను నమ్మను. ఏళ్ల తరబడి వేదికలెక్కి చెబుతున్నది అదే. నమ్మేవాళ్లకు ఆకాశం వైపు చూసి నాలుగు మాటలు మాట్లాడుకునే సౌకర్యం ఉంది. నాకు కాగితం తప్ప వేరే దారి లేదు.

ఆమె పేరు రాయను. సభలో ఎవరైనా తన పేరు పలికితే, పిలిచింది పక్కవాళ్లనేమో అన్నట్టు అటూ ఇటూ చూసే మనిషి. ఇప్పుడు అచ్చులో పేరు వేస్తే ఆమెకు ఇబ్బంది కలగదని నాకు తెలుసు. అయినా వేయబుద్ధి కావడం లేదు.

మా బాపు నన్ను చిన్నప్పుడే చర్చాసభలకు వెంట తీసుకుపోయేవాడు. వితంతువుల పెళ్లిళ్ల మీద, కులం మీద, జంతుబలుల మీద పెద్దవాళ్లు గొంతులు పోయేదాకా వాదించుకుంటుంటే ముందు వరుసలో కూర్చుని వినేదాన్ని. ఎదుటివాడి వాదనలో బెజ్జం ఎక్కడుందో వెతకడం నాకు అక్కడే అబ్బింది. తర్వాత జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పడం జీతం కోసం, మూఢనమ్మకాల మీద నిప్పులు చెరగడం ప్రాణం కోసం అన్నట్టు బతికాను.

ఆ రోజుల్లో ఒక బాబా ఇచ్చే నీళ్లు తాగితే కామెర్లు పోతాయని శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లు ఊళ్లే కదిలిపోతుండేవి. బడి హాల్లో సభ పెట్టాం. గాల్లోంచి విబూది తీసి చూపించాను. కర్పూరం వెలిగించి నాలుక మీద పెట్టుకున్నాను. బాబాను, బాబా వెనక ఉన్న పెద్దమనుషులను ఉతికి ఆరేశాను. చప్పట్లు మోగుతున్నాయి. అప్పుడు చివరి వరుసలోంచి ఒకామె లేచింది. ముడతల నూలు చీర, పెద్ద కళ్లద్దాలు. రెండు చేతులూ ఛాతీ ముందు గాల్లో పెట్టుకుని ఉంది, తడి ఆరబెట్టుకుంటున్నట్టు.

"చాలా బాగా చెప్పారండీ. ఒక్కటి అడగచ్చా? మీరు చెప్పింది తప్పని తేలాలంటే ఏం జరగాలండీ?"

హాలు ఘొల్లున నవ్వింది. బాబా మనిషి అనుకున్నాను. "నేను చెప్పింది తప్పు గాదు" అన్నాను, మైకు దగ్గరికి లాక్కుని.

"కాకపోవచ్చండీ. నాకూ అలాగే అనిపిస్తోంది. కానీ ఏం చూస్తే మీ మనసు మారుతుందో మీరు ముందే చెప్పేస్తే, బాబా గారిని కూడా అదే అడగచ్చు కదా అని."

మా బాపు నేర్పిన చర్చల్లో ఈ ప్రశ్నే లేదు. అక్కడ గెలవడం ఉంది, ఓడడం ఉంది. ఏం జరిగితే నేను ఓడినట్టో ముందుగా నేనే చాటింపు వేయడం అనేది లేదు.

సభ అయ్యాక బెంగుళూరు రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర దొరికింది. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. అప్పటికి మా ఊళ్లో విమానమంటే తలెత్తి చూసేదే. ఇక్కడే దిగుతుందంటే ఎవరూ నమ్మేవారు కాదు. రోడ్డుకు రెండు వైపులా ద్రాక్షతోటలు, కోళ్లఫారాలు. ఆమె గ్లాసు అందుకుని అందులోంచి రెండు గుక్కల వేడి చాయ్‌ని అంచు చుట్టూ తిప్పి కింద పారబోసింది.

"చాయ్‌తోని గ్లాసు కడుగుతరా మేడమ్!" అన్నాడు బండివాడు, తనను కొట్టినట్టు. "నీళ్లున్నయి గద!"

"గంత చాయ్‌కి క్రిములు సస్తయా?" అని నేను అందుకున్నాను. బెజ్జం దొరికింది కదా.

"ఇంకా తెలీదండీ" అంది. "అలవాటు. ఒకరోజు పరీక్ష చేసి చూడాలి. ఉపయోగం లేకపోతే ఈయనకి రోజూ రెండు గుక్కలు మిగులుతాయి."

ఆ 'ఇంకా తెలీదండీ' ఆమె ఊతపదం. వాన పడుతుందా అని అడిగినా అదే. ఫలానా సినిమా బాగుందా అంటే అదే, చూసి వచ్చాక కూడా. మొదట్లో తప్పించుకునే మాట అనుకున్నాను. మెల్లగా అర్థమైంది, ఆ రెండు పదాల్లో ఆమె బరువంతా వేసేది 'ఇంకా' మీద.

ఆమె పని చేసే చోటు ఒకప్పటి కోళ్లషెడ్డు. కిరాయికి తీసుకుని గోడలకు తెల్ల పలకలు అతికించి, పైన రేకుల కింద మరో కప్పు వేయించి ప్రయోగశాల చేసుకున్నారు. పట్నంలోని ఒక దవాఖాన సర్జను, ఆమె, ఇంకో ఇద్దరు కలిసి నడిపేవారు. ఊళ్లో అందరికీ ఆమె 'కోళ్లషెడ్డు మేడమ్'. ఎంత చేసినా ఏ సందులోంచో ఒక తెల్లటి ఈక తేలుతూ దిగేది. అది దిగినప్పుడల్లా పని ఆపేసి, అన్నీ మూసి, గది మొత్తం మొదటి నుంచి తుడిచేది. "ఈ దేశంలో సూక్ష్మజీవి లేని చోటు ఒకటి చేద్దామని, పోయిపోయి కోళ్లగూట్లో పెట్టుకున్నాం చూడండి" అని తనే నవ్వేది.

వాళ్లు చేసేది కాలిన చర్మం తిరిగి పెరగడానికి ఆసరా. ఇంగ్లీషులో స్కాఫోల్డ్ అంటారట. తెలుగులో ఏమనాలని నన్ను అడిగింది. పరంజా అన్నాను. ఎంత సంతోషపడిందో! "ఇల్లు కట్టాక పరంజా విప్పేస్తారు కదండీ. ఇది తనంతట తనే విప్పుకుపోయే పరంజా." పాలిమర్‌ను ద్రవంలో కరిగించి, అందులో జల్లించిన ఉప్పు కలిపి, పల్చటి రేకుగా ఆరబెట్టేది. ఆరాక నీళ్లలో వేస్తే ఉప్పు కరిగిపోయి, అది ఉన్న చోటల్లా చిన్న చిన్న గదులు మిగిలేవి. గాయం మీద పరిస్తే ఆ గదుల్లోకి మనిషి సొంత కణాలే వచ్చి కాపురం పెడతాయి. అవి స్థిరపడేసరికి పరంజా కరిగి ఒంట్లో కలిసిపోతుంది. చేతిలో పెడితే మరమరాల అట్టలాగా తేలిగ్గా ఉండేది.

చేయడం ఒక ఎత్తు. దాన్ని క్రిములు లేకుండా చేయడం ఇంకో ఎత్తు. ఆమె ఏళ్లకేళ్లు పోసింది ఈ రెండోదానికే. ఆవిరి పడితే కరిగి ముద్దవుతుంది. విషవాయువు పెడితే ఆ గదుల్లో దాక్కుని ఎన్నాళ్లకో గానీ పోదు, గాయానికి తగిలితే మంట. స్పిరిట్‌లో ముంచితే మామూలు క్రిములు చస్తాయి, మొండివి గింజల్లాగా ముడుచుకుని బతుకుతాయి. ఇక మిగిలింది కిరణాలు. వాటిని ఎక్కువ పెడితే పాలిమర్ గొలుసులు తెగిపోయి, పని కాకముందే పరంజా కూలిపోతుంది. "క్రిమిని చంపడం తేలికండీ. దాన్ని మాత్రమే చంపడం కష్టం" అనేది. ఎంత తక్కువ కిరణాలతో పని జరుగుతుందో కనుక్కోవడానికి, ఐస్‌క్రీం బండివాడి దగ్గర సంపాదించిన థర్మాకోల్ పెట్టెలో మంచు నింపి, ముక్కలు పెట్టి, ఒళ్లో పెట్టుకుని రైల్లో పోయి వేరే ఊళ్లో కిరణాలు పట్టించుకొచ్చేది.

తెచ్చాక పరీక్ష. కొన్ని ముక్కలను క్రిములు ఇష్టంగా తినే ద్రవంలో వేసి సీసాలు మూసి పెట్టేది. షెడ్డులో అందరూ దాన్ని 'చారు' అనేవారు. రెండు వారాలు చూడాలి. చారు తేటగా ఉంటే ముక్క శుభ్రం. మబ్బు పడితే మొత్తం పెట్టె పారేయాలి. రోజూ పొద్దున ఆమె ఒక్కో సీసాను కిటికీ వెలుగుకు పట్టి చూసే చూపు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. తను ఓడిపోయిన గుర్తు ఎక్కడైనా ఉందా అని అంత శ్రద్ధగా వెతికే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ షెడ్డులోకి పోవాలంటే చెప్పులు విప్పాలి, చేతులు మోచేతుల దాకా తోముకోవాలి, తలకు గుడ్డ కట్టుకోవాలి. లోపల ఆమె దేన్నీ తాకనిచ్చేది కాదు. ఒకరోజు నాకు మండింది.

"గిదేంది మరి? మడి గాదా? మడి కట్టుకునే బదులు ముక్కుకు గుడ్డ కట్టుకున్నరు, గంతే."

మడి అనే మాట వింటే నా ఒళ్లు భగ్గుమంటుంది. శుభ్రత అని పేరు పెట్టి మనుషులకు మనుషులను దూరం చేసిన పద్ధతి అది. ఆడదాన్ని నెలకోసారి గడప బయట కూర్చోబెట్టింది. మాలమాదిగలను బావి గట్టెక్కనివ్వలేదు. ఆ మాట ఆమె మీద విసరాలనే విసిరాను, ఎందుకంటే ఆమె గోదావరి వైపు నుంచి వచ్చిన బ్రాహ్మణ ఇంటి పిల్ల.

ఆమె నొచ్చుకోలేదు. మాస్కు వెనక ముక్కు కదిలింది. దురద పుట్టినా చెయ్యి పెట్టుకోకుండా ముక్కునే అటూ ఇటూ ఆడించడం ఆమె అలవాటు.

"మా బామ్మ మడిచీర ఎత్తుగా దండెం మీద కర్రతో ఆరేసేదండీ. పిల్లలు తాకితే మైల, ఆ రోజు వంట దేవుడికి పనికిరాదు. నాకు తొమ్మిదో పదో ఏళ్లు. మైల పడితే ఏమవుతుందో చూడాలని, స్టూలెక్కి ముట్టుకుని దిగిపోయాను. బామ్మ అదే కట్టుకుంది, వంట చేసింది, నైవేద్యం పెట్టింది. అందరం తిన్నాం. పప్పు కూడా మాడలేదు."

"మరి?"

"ఒక్కసారి చేస్తే పరీక్ష కాదు కదండీ. మూడుసార్లు ముట్టుకున్నా." పగలబడి నవ్వింది. తర్వాత నెమ్మదిగా, "మడికి చారు సీసా లేదండీ, టీచరు గారూ. నాకుంది. అదొక్కటే తేడా. ఆ సీసా తీసేస్తే మీరన్నది నిజమే, నేను చేసేదీ మడే" అంది.

నేను ఇంటికి పోయి ఆ మాట మీద ఒక వ్యాసం రాశాను. నా వ్యాసాల్లో జనం ఎక్కువ మెచ్చుకున్నది అదే. ఆమెకు చూపిస్తే చదివి, "బాగుందండీ, కొంచెం గట్టిగా ఉంది" అంది. బాలాపూర్ వినాయకుడి లడ్డు వేలం మీద నేను చెలరేగి రాసినప్పుడు కూడా అంతే. "లడ్డు పాడుకున్నవాళ్లు బాగుపడ్డారని చెబుతున్నారు కదండీ. పాడుకోనివాళ్లు ఎలా ఉన్నారో ఎవరైనా చూశారా?" అని అడిగి ఊరుకుంది. నా మూడు పేజీల తిట్ల కంటే ఆ ఒక్క ప్రశ్న పదునని తెలిసినా, తిట్లు తీసేయడానికి నాకు మనసు రాలేదు.

ఇగ యూసుఫ్ భాయ్ సంగతి. మైలార్‌దేవ్‌పల్లి దగ్గర ఒక బేకరీలో భట్టీ మీద పనిచేసేవాడు. రొట్టెల ట్రే లాగుతుంటే కాలు జారి, కుడి చెయ్యి వెనక వైపంతా ఎర్రగా కాలిన ఇనుప పలకకు అంటుకుంది. మామూలుగా తొడ చర్మం తీసి అతికితే గాయం మానుతుంది గానీ, మానేటప్పుడు బిగుసుకుని వేళ్లు ముడవలేకుండా అవుతాయి. పిండి పిసికే మనిషికి వేళ్లు ముడవకపోతే ఏం మిగులుతుంది? పరంజా పరిచి దాని మీద పల్చటి చర్మం వేస్తే వేళ్లు ఆడతాయని సర్జను ఆశ. దవాఖాన కమిటీ ఒప్పుకుంది. జంతువుల్లో చూసినదాన్ని మనిషికి పెట్టడం అదే మొదటిసారి. ఆమె వెళ్లి మంచం పక్క కూర్చుని అంతా చెప్పింది. తెలుగులో సరిగ్గా చెప్పగలుగుతున్నానో లేదో వినడానికి నన్ను కూడా తీసుకుపోయింది.

"పని చేస్తదా మేడమ్?" అన్నాడు యూసుఫ్ భాయ్.

"ఇంకా తెలీదండీ. కుందేళ్లకి చేసింది."

"కుందేళ్లు రొట్టె జేస్తయా?" అని నవ్వి, "సరే పెట్టుండ్రి. నా చెయ్యి గిట్లనే ఉంటే నన్నెవడు పనిల పెట్టుకుంటడు? జర జల్దీ చేయుండ్రి" అన్నాడు.

పరీక్ష నెగ్గిన పెట్టెలోని ముక్కలన్నీ పొట్లాల్లో మూసి దవాఖానకు చేర్చింది. ఆపరేషన్ రోజు పొద్దున వార్డు నుంచి కబురు వచ్చి ఇద్దరం పోయాం. సర్జను తల పట్టుకుని కూర్చున్నాడు. థియేటర్ సిస్టర్ ఒక పొట్లం విప్పి చూపించింది. లోపల అట్ట లేదు. పొట్లం మూలకు చింతగింజంత ముద్ద అంటుకుని ఉంది. అన్ని పొట్లాలూ అంతే.

థియేటర్‌లోకి వచ్చే గుడ్డా, కత్తీ, గిన్నే, ఏదైనా సరే ఆవిరి పెట్టెలోకి పోయి రావలసిందే అనేది ఆ సిస్టర్ నియమం. పొట్లం మీద శుద్ధి అయిందని ఇంగ్లీషులో ఉంది. ఆవిడ చదివింది కూడా. చదివి, మళ్లీ ఆవిరి పెట్టింది. ఆవిరి తగలకూడదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

నాకు కోపం పట్టలేనంత వచ్చింది. బయట వరండాలో, "గిదే గుడ్డి అలవాటు! చదువుకున్నోళ్లు గూడ గింతే! నేను రాస్త దీని మీద, పేరు పెట్టి రాస్త" అన్నాను.

ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు. ఎన్నో నెలల పని చింతగింజలయింది. అయినా, "ఒక్క నిమిషం ఉండండి" అని లోపలికి పోయింది. వెనకే పోయాను.

"సిస్టర్, పొట్లం మీద చదివాక కూడా మళ్లీ ఎందుకు పెట్టారండీ?" నిలదీస్తున్న గొంతు కాదు. నిజంగా తెలుసుకోవాలనే.

సిస్టర్ కళ్లు తుడుచుకుంది. "ఒకప్పుడు బయట నుంచి గాజుగుడ్డ వచ్చింది మేడమ్. అట్లనే రాసుంది. నమ్మి వాడినం. వార్డుల ముగ్గురికి చీము పట్టింది. అప్పటి నుంచి కాగితం మీద ఎవరు ఏం రాసినా నమ్మను. నా మిషన్ల నుంచి బయటికి వస్తేనే నమ్ముత."

"నేను మీ చోట ఉంటే నేనూ అదే చేసేదాన్నండీ. చెప్పాల్సింది మేము" అంది.

బయటికి వచ్చాక నా వైపు తిరిగింది. "ఆవిడ నన్ను నమ్మలేదండీ. మీరు సభల్లో రోజూ చెప్పేది అదే కదా, రాసినంత మాత్రాన నమ్మద్దని? ఆవిడ విన్నారు."

నేను ఆ వ్యాసం రాయలేదు.

అసలు ఇరకాటం తర్వాత వచ్చింది. రెండో పెట్టె కిరణాలు పట్టించుకుని ముందురోజే షెడ్డుకు చేరింది. అందులోంచి కొన్ని ముక్కలు అప్పుడే చారులో పడ్డాయి. రెండు వారాలు ఆగితే గానీ తెలియదు. గాయం రెండు వారాలు ఆగదు. సర్జను బతిమాలాడు. "అదే కిరణాలు, అదే మోతాదు మేడమ్. మొన్నటి పెట్టె శుభ్రంగా ఉంటే ఇదెందుకు ఉండదు? పెట్టేద్దాం." యూసుఫ్ భాయ్ మంచం మీద నుంచే, "పెట్టుండ్రి మేడమ్, నేను చెప్తున్న గద, నా చెయ్యి, నా ఇష్టం" అన్నాడు.

"వద్దండీ" అంది ఆమె. "మొన్నటిది శుభ్రమని చారు చెప్పింది. ఇది శుభ్రమని నేను అనుకుంటున్నానంతే. తేడా వస్తే పోయేది వేళ్లు కాదు, చెయ్యి."

మామూలు చర్మమే అతికారు.

ఈ వాదన నాలో ఇంతవరకూ తెగలేదు. రోగి ఒప్పుకున్నాడు, డాక్టరు ఒప్పుకున్నాడు, నూటికి తొంభైపాళ్లు నమ్మకం ఉంది. అప్పుడు కూడా ఆగడం బుద్ధా, మొండితనమా? ఒక్కోరోజు ఒక్కో పక్షం తీసుకుని నాతో నేనే చర్చ పెట్టుకుంటాను. రెండు పక్షాలూ నేనే అయితే మజా ఏముంది? ఆమె ఉంటే ఎదురుగా కూర్చుని ముక్కు ఆడిస్తూ నా మాటల్లో ఒక్కదాన్ని పట్టుకుని మెల్లగా అడిగేది. ఆ అడగడం కోసం నా ప్రాణం కొట్టుకుంటుంది. సభలు ఇప్పటికీ జరుగుతున్నాయి. చప్పట్లు ఇప్పటికీ మోగుతున్నాయి. నేను చివరి వరుస వైపు చూసి మాట్లాడుతాను. అక్కడ ఖాళీ కుర్చీలు, ఫోను చూసుకునే పిల్లలు.

షెడ్డు ఎక్కువ కాలం నడవలేదు. డబ్బు సాయం చేసేవాళ్లు వెనక్కి తగ్గారు, సర్జను వేరే ఊరు పోయాడు. ఆమె తిరిగి గోదావరి వైపు వెళ్లిపోయి ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంది. ఉత్తరాలు కొన్నాళ్లు నడిచాయి, తర్వాత పండక్కి ఒకటయ్యాయి, తర్వాత లేవు. షెడ్డు ఉన్న చోటు మీదుగా ఇప్పుడు విమానాశ్రయానికి పోయే కార్లు పరిగెడుతుంటాయి. ఏ ఫ్లైఓవర్ స్తంభం దగ్గరో నేను గుర్తు పెట్టుకోలేకపోయాను.

కానీ ఆమె వెళ్లిపోవడానికి చాలా ముందు ఒక మధ్యాహ్నం ఉంది. ఆమె అనగానే నాకు వచ్చేది ఆ మధ్యాహ్నమే.

రెండో పెట్టె చారు తేటగానే ఉండిపోయింది. రెండు వారాలు కాదు, ఇంకో వారం కూడా ఆగి చూసింది. మబ్బు జాడే లేదు. ఆ ముక్క పెట్టి ఉండవచ్చు. ఆ రోజు నేను షెడ్డుకు పోయేసరికి చీర మార్చుకుని బయట నిలబడి ఉంది. "మైలార్‌దేవ్‌పల్లి పోదాం వస్తారా? ఆయనకి చెప్పాలి."

"ఏం చెప్తరు?"

"సీసా సంగతి."

దారి పొడుగునా బస్సులో వాదించాను. మానుతున్న మనిషిని మళ్లీ కెలకడమెందుకు? తెలిసి ఆయన చేసేదేముంది? ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ అన్నీ వింది.

యూసుఫ్ భాయ్‌ని భట్టీ మీద నుంచి తీసేసి రస్కులు ఏరే పనిలో పెట్టారు. మమ్మల్ని చూసి సంబరంగా బయటికి వచ్చాడు. గాయం మానింది. చర్మం నిగనిగలాడుతూ బిగుసుకుని ఉంది. పిడికిలి పట్టి చూపించబోయాడు. వేళ్లు సగం దాకా వచ్చి ఆగిపోయాయి.

"ఆ రోజు నా దగ్గరున్న ముక్క శుభ్రంగానే ఉందండీ" అంది ఆమె, మొదటి మాటే అది. "పరీక్ష అయిపోయింది. పెట్టి ఉండచ్చు."

ఆయనకు వెంటనే అందలేదు. "అంటే?"

"అంటే నేను ఆపకపోతే మీ వేళ్లు ఇంకాస్త ముడిచేవేమో. ముడిచేవని కూడా ఖాయంగా చెప్పలేను. కానీ ముక్కలో మాత్రం దోషం లేదు."

యూసుఫ్ భాయ్ మొహంలో నవ్వు నెమ్మదిగా దిగిపోయింది. "నేను చెప్పిన గద మేడమ్, పెట్టుండ్రి అని."

"చెప్పారు."

"డాక్టర్ సాబ్ గూడ చెప్పిండు."

"చెప్పారండీ."

"మీరే వద్దన్నరు."

"నేనే."

లోపల భట్టీ హోరుమంటోంది. ఆయన తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "గిది చెప్పనీకి వచ్చిండ్రా గింత దూరం? నాకు తెల్వకపోతే మీకేం పోతుండె? నేను నా నసీబు అనుకుని ఊకుంటుంటి గద!"

"నసీబు కాదండీ. అది నేను తీసుకున్న నిర్ణయం. చెయ్యి మీది. మీకు తెలియాలి."

యూసుఫ్ భాయ్ విసురుగా తిరిగి లోపలికి పోయాడు. తలుపు దడాలున పడింది.

మేం ఎండలో నిలబడ్డాం. ఎదురుగా రోడ్డు మీద పట్నం బస్సు వచ్చి ఆగింది. నేను ఆమె కొంగు పట్టి లాగాను. "ఇగ పోదాం పట్టండి. చెప్పిండ్రు గద, అయిపోయింది."

ఆమె కదల్లేదు.

"ఆయన ఇంకా ఏమైనా అనాలనుకుంటే?" అంది.

బస్సు వెళ్లిపోయింది. ఆమె ఆ తలుపు వైపే చూస్తూ నిలబడింది. నేనూ పక్కనే నిలబడ్డాను. కాసేపటికి తలుపు తెరుచుకుని యూసుఫ్ భాయ్ బయటికి వచ్చాడు. మేం ఇంకా అక్కడే ఉన్నామని చూసి ఆగాడు. తర్వాత దగ్గరికి వచ్చి, అనాలనుకున్నదంతా అన్నాడు. గట్టిగానే అన్నాడు. ఆమె తల దించుకోలేదు, మధ్యలో మాట కలపలేదు. ఆఖరి మాట దాకా విన్నది.